గద్దె దించేదెవరు?

(పటాన్‌చెరులో ఒక కార్మిక సంఘం పెద్ద సంస్మరణ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఆహ్వానపత్రంలో ఆయన పేరు ఎందుకు లేదని ఇద్దరు ముగ్గురు అడిగారు. తన పేరు మీద బోర్డులు పెట్టొద్దని, ఫ్లెక్సీలు కట్టొద్దని ఇంట్లోవాళ్ళ దగ్గర మాట తీసుకుని మరీ పోయారాయన. నిర్వాహకులు ఆ మాట నిలబెట్టారు. కాబట్టి నేనూ ‘పెద్దాయన’ అనే అంటాను. ఎవరి గురించి చెప్తున్నానో ఇక్కడున్న వాళ్ళకు విప్పి చెప్పనక్కర్లేదు.

నేను మిషను ముందు నిలబడి పనిచేసినవాణ్ణి కాదు. సంగారెడ్డిలో ముప్పై ఏళ్ళకు పైగా విలేకరిగా బతికినవాణ్ణి. సమ్మె ఉంటే పటాన్‌చెరు బస్సెక్కేవాణ్ణి, లేకపోతే కలెక్టరేట్ మెట్ల మీద కూర్చునేవాణ్ణి. సమ్మెలు లేని రోజుల్లో కూడా బస్సెక్కాలనిపించేంత మాటకారి పెద్దాయన. ఆయనతో ఎక్కువగా వాదించింది జీతాల గురించి కాదు, కుర్చీల గురించి. ఎక్కినవాణ్ణి ఎవరు ఎక్కించారు, దిగినవాణ్ణి ఎవరు దించారు అన్న దాని గురించి. ఇవాళ్టి నా మాటలూ దాని గురించే.

పోయిన నెల అమెరికా నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. “మామా, మా దగ్గర గవర్నర్ మీద సొంత పార్టీవాడే పోటీకి దిగిండు, ఈసారి పడగొట్టేటట్టే ఉన్నడు” అన్నాడు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న మా అక్క తలెత్తి, “గవర్నర్‌కు ఎలక్షన్ ఏందిరా, ఢిల్లీ వాళ్ళు పంపుతరు గద” అంది.

అక్క మాటలో తప్పేం లేదు. మనకు గవర్నర్ అంటే రాజ్‌భవన్. 1984 ఆగస్టులో రామ్‌లాల్ అనే గవర్నర్ ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దె ఎక్కించిన సంగతి మా తరం ఎవరూ మరిచిపోలేదు. అమెరికాలో గవర్నర్ అంటే వేరు. రాష్ట్రాన్ని ఏలేవాడు, జనం నేరుగా ఓటేసి ఎన్నుకునేవాడు. మన లెక్కలో ముఖ్యమంత్రి అన్నమాట. అక్కకు అంతవరకు అర్థమైంది. “అయితే మన ముఖ్యమంత్రిని సొంత పార్టోల్లు దించలేదా? ఎన్నిసార్లు దించిన్రు!” అంది. నిజమే, దించారు. కాకపోతే ఆ దించడంలో ఓటరు ఎక్కడున్నాడన్నదే చూడాల్సింది.

ముందు వాళ్ళ పద్ధతి రెండు ముక్కల్లో చెప్తాను. అక్కడ పార్టీ టికెట్ పార్టీ ఆఫీసులో దొరకదు. అసలు ఎన్నికకు కొన్ని నెలల ముందే ఇంకో ఎన్నిక పెడతారు. దాన్ని ప్రైమరీ అంటారు. పోలింగ్ కేంద్రాలు, బ్యాలెట్లు, లెక్కింపు అన్నీ ప్రభుత్వం ఏర్పాటే. ఆ పార్టీవాళ్ళుగా నమోదైన ఓటర్లు, కొన్ని రాష్ట్రాల్లో ఏ ఓటరైనా సరే, వచ్చి తమ అభ్యర్థి ఎవరో తేలుస్తారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విస్కాన్సిన్ రాష్ట్రంలో రాబర్ట్ లా ఫాలెట్ గవర్నర్‌గా ఉన్నప్పుడు దీనికి చట్టం తెచ్చారు. అంతకు ముందు వాళ్ళకూ గదుల్లో కూర్చుని పేర్లు ఖాయం చేసే పెద్దమనుషులే ఉండేవాళ్ళు. ఆ గదుల మీద విసుగు పుట్టి తెచ్చుకున్న చట్టం అది.

దీనివల్ల గద్దె మీదున్న గవర్నర్ కూడా తన పార్టీ టికెట్ కోసం మళ్ళీ ఓటడగాలి. అట్లాగని రోజూ గవర్నర్లు పడిపోరు. సొంత పార్టీలో ఎదురు నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది మట్టికరిచినవాళ్ళే. డబ్బు, పదవుల పంపకం, పేపర్లో రోజూ ఫొటో, అన్నీ ఉన్నవాడి వైపే. అయినా అప్పుడప్పుడు పడిపోతారు. ఎట్లా పడతారో చూస్తే మనకు తెలిసిన ముఖాలే గుర్తొస్తాయి.

1978లో మసాచుసెట్స్ గవర్నర్ మైకేల్ డుకాకిస్. కొత్త పన్నులు వేయనని 1974లో మాటిచ్చి గెలిచాడు, గెలిచాక వేశాడు. ఎడ్వర్డ్ కింగ్ అనే ఆయన ఆ ఒక్క మాట పట్టుకుని ప్రైమరీలో ఓడించాడు. 2006లో అలాస్కా గవర్నర్ ఫ్రాంక్ మర్కౌస్కీ. అంతకు ముందు ఆయన సెనేటర్. గవర్నర్ కాగానే ఖాళీ అయిన తన సెనేట్ సీటులో సొంత కూతుర్ని కూర్చోబెట్టాడు. ఆపైన ప్రభుత్వం ఖర్చుతో జెట్ విమానం కొన్నాడు. సారా పేలిన్ ముగ్గురి పోటీలో గెలిస్తే, గద్దె మీదున్న ఆయన మూడో స్థానానికి జారాడు. 2018లో కాన్సస్‌లో జెఫ్ కోలియర్ పార్టీ టికెట్ పోగొట్టుకున్నది 343 ఓట్లతో. మన దగ్గర సర్పంచ్ ఎన్నికలో ఉండే తేడా అది.

ఎదురు నిలబడేవాడికి కావలసిందేమిటో వీటిలోనే ఉంది. జనం మింగలేని సంగతి ఒకటి ఉండాలి, అది ఒక్క ముక్కలో చెప్పేట్టుండాలి. జెట్ విమానం అంటే చాలు, ఇంక వివరణ అక్కర్లేదు. తిరగబడేవాళ్ళు ఎక్కువమందైతే ఓట్లు చీలి సాధారణంగా పాతవాడే గట్టెక్కుతాడు కాబట్టి మిగతావాళ్ళను పక్కకు తప్పించుకోగలగాలి. అన్నిటికన్నా ముందు, ఫిర్యాదు వినే కోర్టు ఒకటి ఉండాలి. వాళ్ళకు ఆ కోర్టు ఓటరు. డుకాకిస్ 1982లో అదే ప్రైమరీలో కింగ్‌ను ఓడించి తిరిగొచ్చాడు, 1988లో అధ్యక్ష పదవికి అభ్యర్థి అయ్యాడు. దించిన గుమ్మంలోంచే మళ్ళీ లోపలికి వచ్చాడన్నమాట.

ఇప్పుడు మన ఊరికొద్దాం.

ఇక్కడికి దగ్గర్లోనే భానూరు ఉంది. ఇప్పటి పిల్లలకు భానూరు అంటే భారత్ డైనమిక్స్ ఫ్యాక్టరీ. పెద్దాయనకు మాత్రం భానూరంటే అంజయ్య. టంగుటూరి అంజయ్య 1919 ఆగస్టు 16న పుట్టింది ఆ ఊళ్ళోనే. పుట్టు పేరు రామకృష్ణారెడ్డి. హైదరాబాద్‌లో ఆల్విన్ కంపెనీలో రోజుకు ఆరు అణాల కూలికి చేరిన మనిషి. అక్కడే కార్మిక నాయకుడయ్యాడు, తర్వాత కాంగ్రెస్ నాయకుడు, మంత్రి, కేంద్రంలో కార్మిక శాఖ మంత్రి. 1980 అక్టోబర్ 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి.

ఆ రోజుల్లో మన మెదక్ జిల్లా యోగం చూడండి. 1978లో ముఖ్యమంత్రి అయిన మర్రి చెన్నారెడ్డి మెదక్ ఎమ్మెల్యే. 1980లో మెదక్ లోక్‌సభ సీటులో జైపాల్‌రెడ్డిని ఓడించిన మనిషి ఇందిరాగాంధీ. రాయ్‌బరేలీలోనూ గెలిచి, దాన్ని వదులుకుని మెదక్‌నే ఉంచుకుంది. చెన్నారెడ్డి దిగితే వచ్చిన అంజయ్య భానూరు మనిషి, తర్వాత రామాయంపేట నుంచి శాసనసభకు వెళ్ళాడు. దేశం ఏలే మనిషి మన ఎంపీ, రాష్ట్రం ఏలే మనిషి మన ఎమ్మెల్యే. ఇంతకన్నా ఏ జిల్లాకు ఏం కావాలి? కానీ చెన్నారెడ్డి దిగినప్పుడు గానీ, అంజయ్య ఎక్కినప్పుడు గానీ, మళ్ళీ దిగినప్పుడు గానీ ఈ జిల్లా ఓటరును ఎవరూ ఒక్క మాట అడగలేదు. రామాయంపేట వాళ్ళు ఓటేసింది అప్పటికే ముఖ్యమంత్రి అయి కూర్చున్నవాడికి.

చెన్నారెడ్డి మీద అసమ్మతి రెండేళ్ళకే ముదిరింది. అప్పట్లో ఎదురు తిరగడమంటే ఒక క్రమం ఉండేది. ముందు ఎవరింట్లోనో విందు. తర్వాత సంతకాల సేకరణ. తర్వాత ఢిల్లీ బండి. అక్కడ ఏపీ భవన్‌లో బస, అపాయింట్‌మెంట్ కోసం పడిగాపులు, తిరిగొచ్చి విమానాశ్రయంలో ‘మర్యాదపూర్వకంగా కలిశాం’ అనే ప్రకటన. ముఖ్యమంత్రి కూడా అదే బండిలో వెనకాలే పోయేవాడు. ఇద్దరూ ఒకే గడప ముందు నిలబడి ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకునేవాళ్ళు. ఆ గడప లోపలినుంచి ఒకరోజు ఒక పేరు బయటికొచ్చేది. ఆ పేరు ఎదురు తిరిగినవాడిది కాకుండా మూడోవాడిది కావడమే ఎక్కువ. అంజయ్య అట్లాగే వచ్చాడు.

వచ్చినవాడికి ఒకటి అర్థమైంది. తనను తెచ్చింది ఎమ్మెల్యేలు కాదు, కానీ ఢిల్లీ బండెక్కి తనమీద చెప్పగలిగేది వాళ్ళే. వాళ్ళ నోరు మూయించే మార్గం వాళ్ళను మంత్రుల్ని చేయడం. అట్లా చేస్తూ పోతే మంత్రివర్గం 61 మందికి చేరింది. పేపర్లు దానికి జంబో మంత్రివర్గం అని పేరు పెట్టాయి. జనం నవ్వుకున్నారు. ఇక్కడ అంజయ్యను నేను కాస్త సమర్థిస్తాను, కోప్పడకండి. అరవై ఒక్కమంది మంత్రులు పిచ్చితనం కాదు, భయం. ఓటరు దగ్గరికి పోయి తన కుర్చీ కాపాడుకునే దారి లేనివాడికి ఇక పంచిపెట్టడం ఒక్కటే మిగులుతుంది. కానీ చూడండి, అలాస్కాలో జెట్ విమానం ఏ పని చేసిందో ఇక్కడ 61 అనే అంకె ఆ పని చేసింది. ఒక్క ముక్కలో చెప్పగలిగే ఫిర్యాదు ఆయనే తయారుచేసి అసమ్మతి చేతిలో పెట్టాడు.

ఆ దారి తర్వాత చట్టమే మూసేసింది. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రివర్గం శాసనసభ సంఖ్యలో పదిహేను శాతం దాటకూడదు. 119 మంది ఉన్న మన తెలంగాణ సభకు లెక్కేస్తే ముఖ్యమంత్రితో కలిపి 18 మంది. మంత్రి పదవి రాని వాళ్ళకు కార్పొరేషన్లు, సలహాదారు పదవులు వచ్చాయి. అది వేరే ఉపన్యాసం.

ఇక 1982 ఫిబ్రవరి మొదటివారం. రాజీవ్ గాంధీ అప్పటికి ఎంపీ, ప్రధాని కొడుకు. సొంత పని మీద హైదరాబాద్ వస్తున్నాడు. బేగంపేట విమానాశ్రయంలో అంజయ్య ఘన స్వాగతం ఏర్పాటు చేశాడు. విమానం దగ్గరికే పూలదండలతో జనం, డప్పులు, నినాదాలు. రాజీవ్‌కు చిర్రెత్తుకొచ్చింది. అందరి ముందూ ముఖ్యమంత్రిని పరుషంగా మందలించాడు. అరవై దాటిన మనిషిని నలభై నిండని మనిషి. అంజయ్య కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడని ఆనాటి వాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ నెల 24న భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. ఏడు నెలలు తిరక్కుండానే, సెప్టెంబర్ 20న, ఆయనా దిగిపోయి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చాడు. 1978లో ఎన్నికైన ఒక్క శాసనసభకు నలుగురు ముఖ్యమంత్రులు.

బేగంపేట ఒక్కటే అంజయ్యను దించిందని నేననుకోను. అసమ్మతి నెలల తరబడి ఢిల్లీ చెవిలో ఊదుతూనే ఉంది. బేగంపేట దానికి ముహూర్తం పెట్టింది. కానీ అసలు విషయం వేరే. చెన్నారెడ్డిని దించడానికైనా, అంజయ్యను దించడానికైనా ‘ఆ మనిషి వద్దు, నేను చేస్తాను, నాకు ఓటేయండి’ అని బహిరంగంగా నిలబడ్డవాడు ఒక్కడు లేడు. లెక్కించిన ఓటు ఒక్కటి లేదు. ఎమ్మెల్యేలందరూ కూర్చుని చేసింది ఏకవాక్య తీర్మానం. నాయకుణ్ణి ఎన్నుకునే అధికారాన్ని అధినేతకు అప్పగిస్తున్నాం అనే ఒక్క వాక్యం. మన ప్రాంతీయ రాజకీయ సాహిత్యంలో దాన్ని మించిన చిన్న కథ లేదు.

పెద్దాయన ఈ మాట తనదైన పద్ధతిలో చెప్పేవారు. “తమ్మీ, అంజన్నను కార్మికులు దించలే. ఎమ్మెల్యేలు దించలే. ఎవలు దించిన్రో రసీదు లేదు.” యూనియన్‌లో రూపాయి చందాకు కూడా రసీదు రాసిన మనిషి కదా, ఆయనకు కుర్చీకైనా రసీదు కావాలి.

రసీదు అడిగినవాడు ఇంకొకడు బయల్దేరాడు. ఎన్టీ రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టాడు. భవనం ప్రమాణం చేసి అప్పటికి నెల దాటింది. తెలుగువారి ఆత్మగౌరవం అని ఆయన ఊరూరా చెప్తుంటే జనం కళ్ళ ముందు మెదిలింది బేగంపేటే. 1983 జనవరిలో తెలుగుదేశానికి రెండొందలు దాటి సీట్లు వచ్చాయి, కాంగ్రెస్‌కు 60. పార్టీ లోపల పెట్టాల్సిన ఓటు పెట్టకపోతే జనం బయట పెట్టేశారు. కాంగ్రెస్ దీన్నుంచి నేర్చుకున్నదేమీ లేదు. 1989లో గెలిచాక మళ్ళీ అదే వరస. చెన్నారెడ్డి, జనార్దనరెడ్డి, విజయభాస్కరరెడ్డి, అయిదేళ్ళలో ముగ్గురు. 1994లో మిగిలింది 26 సీట్లు.

ఇక్కడ తెలుగుదేశం మిత్రులు చప్పట్లు కొట్టకండి, మీ వంతూ ఉంది.

1994 డిసెంబర్‌లో 216 సీట్లతో గెలిచిన ఎన్టీఆర్‌ను తొమ్మిది నెలలు తిరక్కుండా సొంత అల్లుడు దించాడు. 1995 ఆగస్టు చివరి రోజులు. హుస్సేన్‌సాగర్ పక్కన వైస్రాయ్ హోటల్‌లో ఎమ్మెల్యేల క్యాంపు. గేటు బయట వ్యాన్ మీద నిలబడి ఎన్టీఆర్ పిలుస్తుంటే లోపలి నుంచి చెప్పులు పడ్డాయి. సెప్టెంబర్ 1న చంద్రబాబు నాయుడు ప్రమాణం చేశాడు. నేను అప్పుడు కుర్ర విలేకరిని, సంగారెడ్డి నుంచి మా ఎడిషన్‌కు ఫోన్‌లో వార్తలు చెప్పేవాణ్ణి. మన జిల్లా ఎమ్మెల్యేలు ఎటున్నారన్నది గంటగంటకూ మారేది.

ఆ ఘట్టాన్ని ముప్పై ఏళ్ళుగా ఒకరు వెన్నుపోటు అంటారు, ఇంకొకరు పార్టీని కాపాడడం అంటారు. అందులోకి నేను పోను. నేను చెప్పేది ఎవరికీ నచ్చకపోవచ్చు. 1982 కన్నా 1995 ఒక మెట్టు పైనే ఉంది. అక్కడ ఎదురు నిలబడ్డవాడు తన పేరుతో నిలబడ్డాడు, ఫిర్యాదు ఫలానా అని పైకి చెప్పాడు, తలలు లెక్కపెట్టారు. మనది పార్లమెంటరీ పద్ధతి. ముఖ్యమంత్రిని పెట్టేదీ తీసేదీ శాసనసభ్యులే కాబట్టి వాళ్ళు లెక్కకు నిలబడితే తప్పు పట్టలేం. ఇంగ్లండ్‌లో 1990 నవంబర్‌లో ప్రధాని మార్గరెట్ థాచర్ మీద సొంత పార్టీ ఎంపీ మైకేల్ హెసెల్‌టైన్ పోటీ చేశాడు. ఎంపీలు రహస్యంగా ఓటేశారు. ఆమెకు 204, ఆయనకు 152. ఎక్కువ ఆమెకే వచ్చినా నియమం ప్రకారం ఉండాల్సిన తేడాకు నాలుగు ఓట్లు తగ్గాయి, ఆమె దిగిపోయింది. హెసెల్‌టైన్‌కూ కుర్చీ రాలేదు, జాన్ మేజర్‌కు పోయింది. కత్తి ఎత్తినవాడికి కిరీటం రాదన్నది అక్కడా నిజమే. కానీ అంకెలు అచ్చయ్యాయి.

మన ఎమ్మెల్యే ఆ ఓటు ఎందుకు వేయలేడు? హోటల్ గదిలో తాళం వేసి ఉంచితే తప్ప ఎందుకు నిలబడడు? ఎందుకంటే వచ్చేసారి ఆయన టికెట్ కూడా ఆ గడప లోపలే ఉంది. తనను నిలబెట్టింది నియోజకవర్గం పార్టీ సభ్యులైతే వాళ్ళకు జవాబు చెప్పుకుంటాడు. కవరులో వచ్చినవాడు కవరు పంపినవాడికే చెప్పుకుంటాడు. 2023 డిసెంబర్‌లో కాంగ్రెస్ 64 సీట్లతో గెలిచినప్పుడు కూడా మొదటి పని ఏకవాక్య తీర్మానమే. గచ్చిబౌలిలో హోటల్, ఢిల్లీ పరిశీలకులు, ఒక రోజు ఎదురుచూపు, రేవంత్‌రెడ్డి పేరు. ఆయన అప్పుడు రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు, ఎన్నికను నడిపించినవాడు, ఓటు పెట్టినా ఆయనే వచ్చేవాడేమో. మరి పెట్టి ఉండాల్సింది కదా?

దూరం పోనక్కర్లేదు, ఆ ఎన్నికలో మన పటాన్‌చెరునే తీసుకోండి. ఇక్కడ గూడెం మహిపాల్‌రెడ్డి బీఆర్ఎస్ సిట్టింగ్ ఎమ్మెల్యే. చిట్కుల్ సర్పంచ్ నీలం మధు ముదిరాజ్ అదే పార్టీలో టికెట్ తనకు కావాలన్నాడు. అమెరికా లెక్కలో ఇది అచ్చంగా ప్రైమరీ పోటీయే. సిట్టింగ్ మీద సొంత పార్టీవాడు. కానీ తేల్చడానికి డబ్బా లేదు. పార్టీ సిట్టింగ్‌కే ఇచ్చింది. మధు కాంగ్రెస్‌లోకి వెళ్ళాడు. కాంగ్రెస్ జాబితాలో ఆయన పేరు ప్రకటించింది. నామినేషన్ల ఆఖరి గడియల్లో బీ-ఫారం కాట శ్రీనివాస్‌గౌడ్ చేతికి వెళ్ళింది. మధు బీఎస్పీ నుంచి బరిలో నిలిచాడు. మహిపాల్‌రెడ్డి ఏడు వేల చిల్లర తేడాతో కాట మీద గెలిచాడు. మూడో స్థానంలో ఉన్న మధుకు నలభై వేలకు పైగా పడ్డాయి. ఆ ఎన్నికకు ముందే టికెట్ దరఖాస్తులకు కాంగ్రెస్ రుసుము పెడితే రాష్ట్రమంతా వెయ్యికి పైగా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు రుసుము ఉంది, ఓటు లేదు.

ముగ్గురిలో ఎవరు మంచివారన్నది నా విషయం కాదు. పార్టీ లోపల తేలాల్సిన రెండు తగాదాలు అసలు ఎన్నికలోకి వచ్చి పడ్డాయన్నది నా విషయం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రైమరీలో ఓడినవాడు వేరే గుర్తు మీద మళ్ళీ బ్యాలెట్ ఎక్కడానికి చట్టం ఒప్పుకోదు. మొదట తేల్చుకునే అవకాశం ఇచ్చారు కాబట్టి ఆ కట్టడి న్యాయం అనిపిస్తుంది. మనం అవకాశమే ఇవ్వకుండా తిరుగుబాటు అభ్యర్థి అని పేరు పెడతాం. కథ అక్కడా ఆగలేదు. 2024 వేసవిలో మధు మెదక్ లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థి అయి బీజేపీ రఘునందన్‌రావు చేతిలో ఓడాడు. ఆ జులైలో మహిపాల్‌రెడ్డి కాంగ్రెస్‌లో చేరాడు. తలపడ్డ ముగ్గురూ ఒకే కండువా కిందికి వచ్చారు. ఓటేసిన రెండు లక్షల పైచిలుకు మంది మాత్రం ఎక్కడ వేశారో అక్కడే ఉన్నారు.

ఇప్పుడు పెద్దాయన సంగతి. ఈ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ఆయన పద్దెనిమిదేళ్ళు యూనియన్ అధ్యక్షుడు. 1999లో ఆయన మీద ఆయన చేరదీసిన కుర్రాడే నిలబడ్డాడు. లేత్ మీద టర్నర్. ఫిర్యాదు ఒక్కటే. మూడేళ్ళకు జరగాల్సిన వేతన ఒప్పందం మీద నాలుగేళ్ళకు సంతకం పెట్టారు, పెట్టే ముందు జనరల్ బాడీలో అడగలేదు. అది నిజమే. పెద్దాయన కాదనలేదు. గేట్ మీటింగ్‌లో లేచి, “అడగాల్సింది, అడగలే” అన్నారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఈయన ఓడిపోతాడని.

పోలింగ్ క్యాంటీన్ షెడ్డులో. బిస్కెట్ల రేకు డబ్బాకు మూత మీద చిల్లి కొట్టి లక్క వేశారు. పక్క ఫ్యాక్టరీ యూనియన్ కార్యదర్శి ఎన్నికల అధికారి. మూడు షిఫ్టులూ అయ్యేదాకా డబ్బా కదల్లేదు. పొద్దున ఏడు గంటలకు టీ గ్లాసులు పక్కకు జరిపి బల్ల మీద కుమ్మరించారు. పోలైనవి 612. చెల్లనివి 7. కుర్రాడికి 307, పెద్దాయనకు 298. ఆయన ప్యానెల్ వాళ్ళు గొడవ మొదలుపెట్టారు, చెల్లనివి మళ్ళీ చూడాలని. ఆయన బీడీ ఆర్పి, “ఏడు నాకే ఇచ్చినా ఇంక రెండు తక్కువే గదరా, ఏం చూస్తరు” అన్నారు. అంతే, గొడవ చల్లారింది.

ఆ మినిట్స్ పుస్తకం నేను చూశాను. ఆ రోజు పేజీ ఆయన చేతిరాతలోనే ఉంది. ఎన్నిక సక్రమంగా జరిగింది, 9 ఓట్ల తేడాతో ఓడిపోయాను, బీరువా తాళాలు, మూడు రసీదు పుస్తకాలు, 4,160 రూపాయల నగదు కొత్త అధ్యక్షునికి అప్పగించాను. కింద రెండు సంతకాలు. ఆ కుర్రాడు, ఇప్పుడు కుర్రాడు కాదనుకోండి, ఇదిగో రెండో వరసలో కూర్చున్నాడు. ఈ సభకు టెంటు, కుర్చీలు, మైకు పెట్టింది ఆయనే.

అంజయ్య రాజకీయం బేగంపేటతో ముగిసిపోలేదు. 1984లో సికింద్రాబాద్ నుంచి లోక్‌సభకు గెలిచి, మందలించిన రాజీవ్ మంత్రివర్గంలోనే కార్మిక శాఖ చూశాడు. 1986 అక్టోబర్‌లో పోయాడు. ఆయన భార్య మణెమ్మ ఆ సీటులో గెలిచింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు బోర్డు మీద ఆయన పేరుంది. అదే సాగర్ పక్కన వైస్రాయ్ అని మనం పిలిచిన ఆ హోటల్ ఉంది, పేరు మారింది. పిల్లల్ని పార్కుకు తీసుకెళ్ళినప్పుడు రెండూ చూపించండి.

ముగించే ముందు ఒక విన్నపం. ఈ టెంటు కింద అన్ని జెండాల వాళ్ళూ ఉన్నారు, మూడు పార్టీల మండల అధ్యక్షులు నాకు ఇక్కడినుంచే కనిపిస్తున్నారు. మీ మండల కమిటీకి ఆఖరిసారి ఓటు పెట్టి ఎన్నిక జరిపింది ఏ తేదీన? ఎన్ని ఓట్లు పోలయ్యాయి, ఓడినవాడికి ఎన్ని వచ్చాయి? ఇంటికి పోయి మినిట్స్ పుస్తకం తీసి చూడండి. దొరికితే ఒక కాగితం మీద రాసి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి, పెద్దాయన బీరువాలోనే దాస్తారు. పుస్తకమే లేకపోతే ఆ మాటే రాసి ఇవ్వండి. నేను వచ్చే ఆదివారం వచ్చి తీసుకుంటాను.